మూత మీది ‘మా’

పరిశోధనశాల, మూడో అంతస్తు
మంగళవారం, ఫిబ్రవరి 3

డాక్టరమ్మ అక్కకి,

నువ్వు పంపిన నమూనాల మొదటి డబ్బా నిన్న తెరిచాం. అప్పట్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నీ అనుమానం నిజమే, నీ వసతిలోని పిల్లుల్లో ఉన్నది కరోనా జాతి వైరసే. పిల్లులకి అది కొత్తేమీ కాదనీ, పొట్టలో నాలుగు రోజులుండి పోతుందనీ చెప్పింది నువ్వే. మరి ఇది ఎందుకు పోవడం లేదో నాకు తెలిసి తీరాలి.

ముందు మన ఒప్పందం గుర్తుచేస్తున్నాను. ఫోన్లో మూడు నిమిషాలు దాటితే మనిద్దరికీ పోట్లాట ఖాయం. నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు, నేను నిన్ను ఊపిరి పీల్చుకోనివ్వను. కాబట్టి ఉత్తరాలే. మంగళ, శుక్రవారాల్లో మా వ్యాను చల్లపెట్టెతో ఇక్కడ బయల్దేరి పదకొండున్నరకి నీ గేటు ముందు ఆగుతుంది. పెట్టె మీద కాగితాల సంచిలో నా ఉత్తరం ఉంటుంది. తిరుగు సంచిలో నీది ఉండాలి. “బిజీగా ఉన్నాను” అని ఒక్క వాక్యం రాసి పంపితే ఊరుకోను.

ఇక అసలు సంగతి. ఈ వైరస్ ఒంటినిండా కొమ్ములుంటాయి. కొమ్ము కొస కణం మీదున్న ఒక ప్రొటీన్‌ని పట్టుకోగలిగితేనే దానికి లోపలికి దారి. ఆ ప్రొటీన్‌ని గ్రాహకం అంటాం. పాపం అది వైరస్ కోసం అక్కడ లేదు, ఆహారాన్ని ముక్కలు చెయ్యడానికి కణం పెట్టుకున్న పనిముట్టు. వైరస్ దాన్ని పట్టుకుని ఎక్కేస్తుంది, కదిలే బస్సుని కమ్మీ పట్టుకుని ఎక్కినట్టు. పిల్లిది ఒక కమ్మీ, కుక్కది ఒకటి, పందిది ఒకటి, మనిషిది ఒకటి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. ప్రొటీన్ అంటే పూసల దండ కదా, దగ్గరికెళితే ఇక్కడో పూస, అక్కడో పూస తేడా. ఆ ఒకటి రెండు పూసల తేడాతోనే ఒక జంతువుకి వచ్చేది ఇంకో జంతువుకి రాకుండా ఆగిపోతుంది. లేదా వైరస్ తన కొమ్ములో పూసలు మార్చుకుని ఇంకో జంతువుకి అలవాటు పడుతుంది.

నేను చెయ్యబోయేది ఇది. నిజం వైరస్‌తో కాదు, కంగారుపడకు. ఒక ఖాళీ డొల్లకి నీ పిల్లుల వైరస్ కొమ్ములు తగిలించి, లోపల పచ్చగా వెలిగే జన్యువు పెడతాను. ఏ కమ్మీ లేని కణాల్ని చిన్న గుంటలున్న పలకలో పోసి కొన్నింటికి పిల్లి గ్రాహకం, కొన్నింటికి కుక్కది, పందిది, మనిషిది ఇస్తాను. డొల్ల లోపలికి వెళ్లగలిగిన చోట కణాలు పచ్చగా వెలుగుతాయి. వెళ్లలేని చోట చీకటి.

ఇక్కడ ఫ్రీజరు ఉమ్మడిది. పక్క బృందంవాళ్లు మన సీసాల్ని అడక్కుండా వాడేస్తారు. అందుకని నేనూ చలిగది బాబాయీ మూతల మీద తెలుగులో రాయడం మొదలుపెట్టాం. చలిగది బాబాయంటే ఫ్రీజర్లు చూసుకునే పెద్దాయన, ఈ భవనంలో నాతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క మనిషి. మూత చిటికెనవేలి గోరంత, ఒక్క అక్షరమే పడుతుంది. కుక్కకి ‘కు’, పందికి ‘పం’, మనిషికి ‘మ’. పిల్లికి ఏం రాశానో నీకు చెప్పక్కర్లేదు. నువ్వూ అలాగే రాసి పంపు.

నీ చెల్లెలు


పిల్లుల వసతి, మందుల గది
శుక్రవారం, ఫిబ్రవరి 6

ఒసేయ్ పిల్లీ,

ఇక్కడ నలభై ఒక్కటి తిరుగుతున్నా నాకు పిల్లి అంటే నువ్వే. మూడేళ్లప్పుడు పాలగిన్నెలో మూతి పెట్టి దొరికిపోయి ఆ పేరు సంపాదించుకున్నావు. ఆ తరవాత ఇంట్లో నిజం పిల్లిని ఏమని పిలవాలో తెలీక, రోజంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దొచ్చే నాన్న దానికి ‘మార్జాలం’ అని ఖాయం చేశాడు. “మార్జాలానికి అన్నం పెట్టారా, పిల్లి పడుకుందా” అని ఆయన అడుగుతుంటే వచ్చినవాళ్లు తెల్లమొహం వేసేవాళ్లు. కాబట్టి నీ పొడుపుకథకి జవాబు ‘మా’. నా సీసాలు కూడా మా-1 నుంచి మా-41 దాకా ఉన్నాయి.

నువ్వు రాసిన కమ్మీ సంగతి రెండుసార్లు చదివాను. నీ అంత చదువు లేకపోయినా అర్థమైంది. నాకు కనిపించేది ఇంకో వైపు. గుమాస్తాకి పొట్టలో నీరు చేరింది. గుమాస్తా అంటే రిజిస్టరు తెరిస్తే చాలు వచ్చి పేజీ మీద కూచునే బూడిదరంగువాడు. నిన్న పొట్టలోంచి రెండు సిరంజీల నీరు తీశాను, పసుపు పచ్చగా, జిగటగా ఉంది. రోజంతా బోనుల ముందు పచార్లు చేసే కండక్టరుకి జ్వరం. మొత్తం తొమ్మిదింటికి బాగాలేదు. మిగతావి తింటున్నాయి, తన్నుకుంటున్నాయి.

ఒక్క మాట ముందే చెప్పి ఉంచుతాను. ఇది మనుషులకి కూడా పట్టుకుంటుందని మీ దగ్గర తేలితే జంతు ఆరోగ్య శాఖ వీటిని ఉంచనివ్వదు. జబ్బున్నవీ లేనివీ అన్నిటికీ ప్రాణం తీసే సూదిమందే. అది నియమం. నా ఉద్యోగం మొదట్లో ఒకచోట కోళ్లకి అలా చెయ్యడం చూశాను. ఒక్క మధ్యాహ్నంలో అంతా అయిపోయింది. నిన్ను భయపెట్టడానికి రాయలేదు. నువ్వు ఏం వెతుకుతున్నావో దాని అవతల ఏముందో నీకు తెలియాలని రాశాను.

నాకు నిజమే కావాలి. తొందరగా కావాలి.

అక్క


పరిశోధనశాల, మూడో అంతస్తు
మంగళవారం, మార్చి 17

అక్కా, అక్కా, అక్కా,

కూచోలేక నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నీదే పూచీ, నువ్వే తొందరపెట్టావు.

వెలిగింది. పిల్లి గుంటలు వెలిగాయి, అది ఎదురుచూసిందే. కుక్క గుంటల్లో ఏదో మినుకు మినుకుమంది. పంది చీకటి. ఆ తరవాత పలకని పక్కకి జరిపి మనిషి గుంటలు చూశాను. మొత్తం పచ్చ. ఒక్క గుంట కాదు, పన్నెండుకి పన్నెండు. మతి పోయింది. మైక్రోస్కోపు పాడయిందేమోనని పక్క గదికి తీసుకెళ్లి అక్కడా చూశాను. అక్కడా అంతే.

ఇంకా చెప్పనీ. వెలుగుని అంకెల్లో కొలిచే యంత్రంలో పెడితే పిల్లిదీ మనిషిదీ దాదాపు ఒకే అంకె వచ్చింది, కవల పిల్లల్లా. సాధారణంగా ఒక వైరస్ కొత్త జంతువుని పట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు పట్టు వదులుగా ఉంటుంది, నెమ్మదిగా బిగుస్తుంది. ఇదేమో పిల్లిని పట్టుకున్నంత గట్టిగా మనిషినీ పట్టుకుంటోంది. ఇలాంటిది నేను ఎక్కడా చదవలేదు. పెద్ద మేడం, మా బృందానికి పెద్ద, ఎప్పుడూ పొగడని మనిషి, అంకెలు చూసి నా భుజం మీద చెయ్యి వేసింది. ఈ గదిలో ఇంతవరకు ఎవరి భుజం మీదా ఆ చెయ్యి పడలేదట, బాబాయి చెప్పాడు.

నా ‘మ’ సీసాలు నిండుకున్నాయి, ఈ పని ఆగిపోయేదే. అదృష్టం కొద్దీ బాబాయి పోయిన నెలే పాత కణాలన్నిటినీ పెంచి కొత్త పెట్టెలు కట్టి పెట్టాడు, ఒక పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘మానవ’ అని కూడా రాశాడు. ఆయన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించాలి.

పెద్ద మేడం మధ్యాహ్నమే పై వాళ్లకి నివేదిక పంపేస్తోంది. మే నెల సదస్సులో నేనే మాట్లాడాలట. అంత పెద్ద హాలులో, నేను. ఏం చీర కట్టుకోవాలో కూడా నువ్వే చెప్పాలి. ఎనిమిదేళ్లుగా ఈ గదిలో ఇంకొకరి పేర్ల కింద నా పేరు రాయించుకున్నాను, ఈసారి మొదటి పేరు నాదే.

వ్యాను వెళ్లిపోతోంది.

నీ పిల్లి


పిల్లుల వసతి, మందుల గది
శుక్రవారం, మార్చి 20

పిల్లీ,

ఉత్తరం అందింది. చాలా సంతోషం. మొదటి పేరు నీదే అయినందుకు ఇంకా సంతోషం. నాన్న ఉంటే ఆ కాగితం తెప్పించుకుని ముందు అచ్చుతప్పులు వెతికేవాడు, ఆ తరవాత జేబులో పెట్టుకుని వీధంతా తిరిగేవాడు. బూడిదరంగు చీర కట్టుకో. నీకు బాగుంటుంది.

ఇక్కడ అంతా మామూలే. గుమాస్తా సోమవారం పోయాడు. కండక్టరుకి జ్వరం తగ్గింది, మళ్లీ పచార్లు మొదలుపెట్టాడు. బుధవారం శాఖ నుంచి అధికారి వచ్చి అన్నిటినీ లెక్కపెట్టుకుని వెళ్లాడు. నెమ్మదస్తుడు. బోనుల దగ్గర గట్టిగా మాట్లాడలేదు.

నవ్వొచ్చే సంగతి ఒకటుంది. మీ చలిగది బాబాయి నిన్న ఫోన్ చేశాడు. చీటీలు నింపుతున్నాడట. ఎంతో మర్యాదగా, “అమ్మా, నలభై ఒక్కమంది మనుషుల నమూనాలు పంపించారు కదా, మీ దగ్గర అంతమంది ఎక్కడ పడుకుంటారు?” అని అడిగాడు. మా దగ్గర ఉన్నది ముగ్గురమే అన్నాను. “మరి మూతల మీద మా అని రాశారు కదమ్మా, మానవ అని” అన్నాడు. అది మానవ కాదు మహానుభావా, మార్జాలం అని చెప్పాను. పాపం, రిజిస్టరు చూడాలంటూ గబుక్కున ఫోన్ పెట్టేశాడు. ఈ వారంలో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

నువ్వు నిశ్చింతగా సదస్సు పని చూసుకో.

అక్క


పరిశోధనశాల, మూడో అంతస్తు
మంగళవారం, మార్చి 24

అక్కా,

శుక్రవారం సాయంత్రం నీ ఉత్తరం వ్యాను దగ్గరే విప్పాను. బాబాయి సంగతి చదివి మెట్లెక్కుతూ నవ్వాను. రెండో అంతస్తు దాకా నవ్వుతూనే ఉన్నాను. అక్కడ ఆగిపోయాను.

బాబాయి నీ సీసాల మీది ‘మా’ని మానవ అని చదివాడంటే, నా సీసాల మీది ‘మా’ని ఏమని చదివి ఉంటాడు?

పరిగెత్తుకుంటూ చలిగదికి వెళ్లాను. ఆయన అప్పటికే రిజిస్టరు ముందు పెట్టుకుని తల పట్టుకుని కూచున్నాడు. నీతో మాట్లాడినప్పట్నుంచీ ఆయనకీ అదే అనుమానం, నాకు చెప్పడానికి ధైర్యం చాలలేదట. మేం భయపడినంతా నిజం. నా పిల్లి కణాల సీసా మీద ‘మా’ చూసి, ఆయన వాటిని పెంచి, కొత్త పెట్టెలో పెట్టి, ఎవరూ పొరబడకూడదని పైన పూర్తిగా ‘మానవ’ అని రాశాడు. నేను ఆ పెట్టెలోంచి తీసుకున్నాను. అంటే రెండు వైపులా నేను చూసింది పిల్లినే. కవలల్లా ఒకే అంకె వచ్చిందని నీకు గొప్పగా రాశాను చూడు, ఎందుకు రాదు? ఒకటే కణాలు.

సరిచూడలేదా అని నువ్వు అడుగుతావు. చూశాను. మనుషులకి జలుబు తెచ్చే పాత కరోనా ఒకటుంది, దాని కొమ్ములున్న డొల్లని కూడా ఆ గుంటల్లో వేశాను. అది మనిషి గ్రాహకాన్ని పట్టుకుంటుంది కాబట్టి, వెలిగితే అవి మనిషి కణాలే అని గుర్తు. వెలిగింది. కాని ఆ జలుబు వైరస్‌కి పిల్లి గ్రాహకం కూడా పడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, ఎప్పుడో చదివి పరీక్ష కూడా రాశాను. పిల్లి కమ్మీ అంత ఉదారమైనది, నాలుగు జాతుల వైరస్‌లు దాన్ని పట్టుకోగలవు. తెలిసి ఉండి కూడా ఆ వేళ నాకు గుర్తు రాలేదు. గుర్తు చేసుకోవాలని కూడా అనిపించలేదు, అంత ఆనందంలో ఉన్నాను.

ఆ పెట్టెలోని కణాల జన్యువుని శనివారమే చదివించాం. పిల్లిదే. ఒక్క పూస తేడా లేదు.

పెద్ద మేడంకి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, అదే ఎక్కువ భయం వేసింది. ఆ వసతి ఎవరిదని అడిగింది. మా అక్కది అన్నాను. ఇన్నాళ్లూ ఆవిడకి ఆ ముక్క చెప్పలేదు అక్కా. బంధువుల నమూనాలంటే నాకు ఇవ్వదేమోనని దాచాను. అప్పుడు ఆవిడ అంది: “పెట్టె తప్పని రుజువైంది. మనిషికి పట్టుకోదని రుజువు కాలేదు. ఇప్పుడు నువ్వు పట్టుకోదని చెబితే, అక్క కోసం చెప్పావంటారు.” ఒక్క అక్షరం కాదనడానికి లేదు.

ఇంకోటి. నీ ఫిబ్రవరి ఉత్తరం తీసి మళ్లీ చదివాను. మనిషికి పట్టుకుంటే సూదిమందే అని రాశావు. దానికి జవాబుగా నేను ఏం రాశాను? చీర గురించి. ఆ ఉత్తరం రాస్తున్నంతసేపూ నీ పిల్లులు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అధికారి ఊరికే లెక్కపెట్టడు కదా. ఎప్పుడు? దాచకుండా చెప్పు.

చెల్లెలు


పిల్లుల వసతి, గేటు దగ్గర
మంగళవారం, మార్చి 24

వ్యాను డ్రైవరు హారను కొడుతున్నాడు, తిరుగు సంచిలో వెయ్యాలని స్టూలు మీద పెట్టి రాస్తున్నాను.

ఏప్రిల్ ఏడు, మంగళవారం. అన్నిటికీ.

నాకు కోపం వచ్చింది, దాచను. అరికాలి మంట నెత్తికెక్కింది. నువ్వు తప్పు చేసినందుకు కాదు, నేనూ రోజుకి రెండు చేస్తాను. నువ్వు ఆ ఉత్తరంలో వీటి ఊసే ఎత్తలేదు. మూడు రోజులు ఆ కాగితం పట్టుకుని తిరిగాను, వెనకాల ఎక్కడైనా ఒక్క వాక్యం రాశావేమోనని తిప్పి కూడా చూశాను. నీ సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక మామూలుగా రాశాను. అదీ నా తప్పే.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది విను. నా కోసం చెయ్యకు. మీ మేడం చెప్పింది అక్షరాలా నిజం. నువ్వు పలక చూస్తున్నప్పుడు ఏ గుంటలో ఏముందో నీకు తెలియకూడదు. మూతలు ఇంకెవరో రాయాలి. మనిషికి పట్టుకుంటుందనే వస్తే అదే రాసి పంపు, ఇంతకు ముందు రాసినంత గట్టిగా రాసి పంపు. ఈ గదులు కడిగే ఆవిడకి ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. నా పిల్లుల కోసం ఆవిడ పిల్లల్ని పణం పెట్టే మనిషిని కాను నేను.

అంతవరకు నాకు ఉత్తరాలు వద్దు. ఫోన్ అసలే వద్దు. నీ గొంతు వింటే నేను ఏదో ఒకటి అడుగుతాను.

అక్క


పరిశోధనశాల, మూడో అంతస్తు
మంగళవారం, ఏప్రిల్ 7, ఉదయం ఎనిమిదిన్నర

అక్కా,

మనిషి గుంటలు చీకటి.

ముందు ఆ ముక్క రాశాను, ఇక మెల్లగా చదువు. ఈ ఉత్తరం వెనక మూసిన కవరు ఉంది, అందులో మేడం సంతకంతో పాత నివేదిక రద్దు చేస్తున్న కాగితం ఉంది. శాఖవాళ్లకి ఫోన్ చేసి చెబుతానంటే, నోటిమాట చెల్లదు, సంతకమున్న కాగితం చేతికి రావాలి అన్నారు. వ్యాను వచ్చేదాకా ఆగమని మాత్రం మేడం వాళ్లకి చెప్పించింది. కవరు నీ గేటు దాటేదాకా నీకు ఫోన్ చెయ్యొద్దని నాకు గట్టిగా చెప్పింది.

ఎలా జరిగిందో చెబుతాను, చెప్పకపోతే నేను పేలిపోతాను. వేరే ఊరి ల్యాబు నుంచి కొత్త మనిషి కణాలు తెప్పించాం, వచ్చిన రోజే జన్యువు చదివించాం. అన్ని సీసాల మూతలూ మేడం స్వయంగా మార్చింది. అక్షరాల్లేవు, రంగు చుక్కలే. ఏ రంగు ఎవరిదో రాసిన చీటీ ఆవిడ సొరుగులో, తాళం ఆవిడ దగ్గర. పలక చూసింది నేను కూడా కాదు, పక్క బృందం అబ్బాయి. అతనికి ఏ జంతువుల సంగతో కూడా తెలీదు. నిన్న అతను చదువుతుంటే నేను రాశాను: నీలం పూర్తిగా వెలిగింది, పసుపు సగం, ఎరుపు చీకటి, నలుపు చీకటి. అప్పుడు మేడం సొరుగు తీసింది. నీలం పిల్లి. పసుపు కుక్క. నలుపు పంది. ఎరుపు మనిషి. బాబాయి నాలుగు పేర్లూ రిజిస్టరులో పూర్తిగా రాసుకున్నాడు.

ఎరుపు కణాలు బాగానే ఉన్నాయి, జలుబు వైరస్ కొమ్ములు వేస్తే ధగధగా వెలిగాయి. కమ్మీ ఉంది, నీ పిల్లుల వైరస్‌కి మాత్రం అందడం లేదు. మనిషి గ్రాహకం మీద సరిగ్గా పట్టు దొరకాల్సిన చోట ఒక చక్కెర కొమ్మ అడ్డంగా మొలిచి ఉంటుంది, అదే ఆపుతోందని మా అనుమానం. ఒక చిన్న చక్కెర కొమ్మ, అక్కా. మీ ముగ్గురికీ దానికీ మధ్య ఉన్నది అంతే.

అయితే రేపు మారదని ఎవరూ చెప్పలేరు. అందుకని మేడం ఒక షరతు పెట్టింది. మీ ముగ్గురి నమూనాలు కూడా ఇకనుంచి ప్రతి నెలా రావాలి. దానికి నువ్వు ఒప్పుకుంటావని నేనే మాటిచ్చేశాను.

ఇక పసుపు. మొదటిసారి కుక్క గుంటల్లో మినుకుమంటే నేను పట్టించుకోలేదు, మనిషి మోజులో ఉన్నాను కదా. ఈసారి కొమ్ము మొత్తాన్ని పూస పూసగా చదివాం. కొమ్ము మిగతా భాగమంతా పిల్లి వైరస్‌దే, కొస మాత్రం కుక్క వైరస్‌ది. ఎక్కడో ఒక జంతువులో రెండు వైరస్‌లూ కలిశాయి, కుక్కదాని కొస ఊడి పిల్లిదానికి అతుక్కుంది. ఆ తరవాత ఆ కొసలో మూడంటే మూడు పూసలు మారాయి. ఆ మూడింటితోనే కుక్క మీద పట్టు సడలి పిల్లి మీద బిగిసిందని నేను పందెం కాస్తాను. నీ పిల్లులు ఎందుకు కోలుకోవడం లేదో మొదటి ఆచూకీ ఇదే. ఎక్కడి కుక్క? ఎప్పుడు? నీ రిజిస్టర్లలో ఉంటుంది, వెతుకు.

నిన్న అందరి ముందు నిలబడి, మార్చి నివేదిక తప్పు, తప్పు నాది అని చెప్పాను. బాబాయి లేచి నాది అన్నాడు. మూత మీద ఒక్క అక్షరం రాసి అందరికీ అర్థమవుతుందనుకున్నది నేనే కాబట్టి నాదే అన్నాను. సదస్సు ఈ ఏడాదికి లేదు. పోనీ.

వ్యాను ఎక్కిస్తున్నాను. డ్రైవరు చేతులు పట్టుకుని, దారిలో ఎక్కడా ఆగొద్దని బతిమాలాను.

చెల్లెలు


పిల్లుల వసతి, మందుల గది
శుక్రవారం, ఏప్రిల్ 10

ఒసేయ్ పిల్లీ,

కూచో. నేను కూడా నిలబడే రాస్తున్నాను, మూడు రోజులుగా రిజిస్టర్లు తిరగేస్తూ కూచుని నడుం పట్టేసింది.

దొరికింది. నవంబరు పదకొండు. వెనక షెడ్డులో నీళ్ల గొట్టం పగిలి, అక్కడున్న ఆరు కుక్కపిల్లల్ని నాలుగు రోజులు పిల్లుల గది చివర పెట్టాం. ఆ ఆరింటికీ అప్పుడు విరేచనాలు, నా చేతిరాతతోనే ఉంది. నేల కడిగిన నీళ్లు పోయేది ఒకటే కాలవ. పిల్లుల్లో మొదటి జ్వరం డిసెంబరు రెండు, గుమాస్తాకి. సరిగ్గా మూడు వారాలు. చదవగానే గదిలో ఒక్కదాన్నే గట్టిగా కేక పెట్టాను, కడిగే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఆ కుక్కపిల్లలు ఇప్పుడు దుక్కల్లా ఉన్నాయి, ఆరింటివీ నమూనాలు తీసి ఈ పెట్టెలో పెట్టాను. మా ముగ్గురివి కూడా. వాటిలో ఆ మూడు పూసలూ మారకముందు రూపం ఇంకా ఉంటుందా? మారితే ముందు ఏది మారింది? ఒకటి మారాక ఇంకోటా, మూడూ ఒకేసారా? నాకు అర్థమయ్యేలా రాయి, ఎన్ని పేజీలైనా సరే. ఇన్నేళ్లుగా జబ్బుల్ని చూస్తున్నాను, ఒక జబ్బు ఒక జంతువులోంచి ఇంకో జంతువులోకి అడుగు పెట్టిన వారం నా రిజిస్టరులో ఉండటం ఇదే మొదటిసారి.

పిల్లులు బాగానే ఉన్నాయి. జబ్బుతో పోయినవి మొత్తం నాలుగు, ఉన్నవి ముప్పై ఏడు. కండక్టరు డ్యూటీలో ఉన్నాడు.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను. మార్చిలో నీ ఉత్తరం వచ్చిన మర్నాడే, అధికారి కాగితం ఇవ్వగానే సంతకం పెట్టేశాను. ఇంకో పరీక్ష చేయించమని అడిగే హక్కు నాకుంది, ఆయనే గుర్తుచేశాడు కూడా. అక్కర్లేదు, అది చూసింది మా చెల్లెలు అన్నాను. నువ్వు తప్పు చేసి ఉంటావని నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. ఒక్కటే అడిగాను, బయటి మనుషులు వద్దు, మందు నేనే ఇస్తానని. నా చేతుల్లో అయితే అవి భయపడవు.

మంగళవారం ఆయన పదింటికి వచ్చాడు. వ్యానులో ఏదో కాగితం వస్తోందట, పన్నెండు దాకా ఆగమన్నారు అని చెప్పి స్టూలు మీద కూచున్నాడు. ఏం కాగితమో ఆయనకీ తెలీదు. నేను అప్పటికే మందు నింపి ట్రేలో పెట్టుకున్నాను, ముప్పై ఏడు సిరంజీలు, ఒక్కోదాని మీద దాని బరువుకి తగ్గ మోతాదు చీటీ. పదకొండు నలభైకి హారను వినిపించింది. కవరు ఆయన తీసుకున్నాడు, ఉత్తరం నేను తీసుకున్నాను. నీ మొదటి వాక్యం నేను పైకి చదివాను. ఆయన తన కాగితం రెండుసార్లు చదువుకుని, నేను సంతకం పెట్టిన ఆర్డరుకి అడ్డంగా గీత కొట్టి, కింద తేదీ వేశాడు. నీ మీద నమ్మకం ఎప్పటికీ పోదు, కాని ఇకమీదట నువ్వు ఏది చెప్పినా రెండుసార్లు అడుగుతాను, నువ్వు విసుక్కోకూడదు.

తరవాత ఇద్దరం బేసిను పక్కన నిలబడి సిరంజీలు ఒక్కొక్కటీ వట్టి సీసాలోకి ఖాళీ చేశాం. ఆయన సూదులు ఊడదీసి డబ్బాలో వేస్తుంటే నేను చీటీలు పీకాను. నింపడానికి ఎంతసేపు పట్టిందో ఖాళీ చెయ్యడానికీ అంతసేపూ పట్టింది, ఇద్దరిలో ఎవరమూ తొందరపడలేదు.

అక్క